90 రోజుల్లో డిజైనర్ అయిపోతారా?

తిరుపతి, చిత్తూరు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న సందేశం సారాంశం ఇది: చేస్తున్న ఉద్యోగం మానేయండి, 90 రోజులు గ్రాఫిక్ డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి, పాత అనుభవం మరిచిపోండి, 30 డిజైన్లతో పోర్ట్‌ఫోలియో (చేసిన పనుల ఆల్బమ్) పెట్టండి, బెంగళూరు బస్సెక్కండి. ఒక్కో మాటే చూద్దాం.

"సాఫ్ట్‌వేర్ వస్తే డిజైన్ వచ్చినట్టే." కోరల్‌డ్రా, ఫోటోషాప్, ఫిగ్మా మెనూలు 90 రోజుల్లో అలవాటవుతాయి, కాదనం. చిత్తూరులో తోతాపురి మామిడి జాం చేసే చిన్న యూనిట్‌కు సీసా లేబుల్ చేసిపెట్టమంటే మాత్రం మెనూలు చాలవు. తెర మీద మెరిసిపోయిన నారింజ, ఆకుపచ్చ రంగులు కాగితం మీద వెలవెలబోతాయి. తెర ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) వెలుతురుతో రంగు చూపిస్తుంది, ప్రెస్సు సీఎంవైకే (సియాన్, మెజెంటా, పసుపు, నలుపు) సిరాలతో అద్దుతుంది, అందుకని. పదార్థాల జాబితాలోని నల్ల అక్షరాలను ఆర్‌జీబీలోనే వదిలేస్తే ఆ నలుపు నాలుగు సిరాలుగా విడిపోతుంది. ఒక్కో సిరాకూ ఒక్కో అచ్చు ప్లేటు ఉంటుంది, అందులో ఏ ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా అక్షరం అంచున రంగు నీడ తేలుతుంది. తెలుగులో ముందు పాడయ్యేవి వత్తులే. చిన్న అక్షరానికి కె (నల్ల సిరా) 100 శాతం ఇచ్చి మిగతా మూడింటినీ సున్నా చేయాలి. కటింగులో బ్లేడు అటూఇటూ పడుతుంది కాబట్టి నేపథ్యం రంగును కటింగ్ గీతకు నాలుగు వైపులా 3 మి.మీ. బయటికి లాగాలి.

బార్‌కోడ్ సంగతి మరీ మోసం. 13 అంకెల కోడ్ అసలు కొలత 37.29 × 25.93 మి.మీ., 80 శాతం కన్నా తగ్గించకూడదు. చోటు చాలడం లేదని పక్కనున్న తెల్లఖాళీ తినేస్తే స్కానర్ చదవదు. జాం రంగుకు నప్పుతుందని గీతలు ఎర్రగా పెట్టినా అంతే: చాలా స్కానర్ల వెలుతురు ఎరుపే, దానికి ఎర్రగీత తెల్లగా కనిపిస్తుంది. సన్నటి సీసా అయితే కోడ్ చివరి గీతలు వంపులో దాక్కోకుండా, గీతలు నిచ్చెనమెట్లలా అడ్డంగా ఒకదాని మీద ఒకటి ఉండేలా కోడ్‌ను తిప్పి పెట్టాలి.

ఇక తెలుగు అక్షరాలు. ఇంగ్లీషు పేరాకు 10 పాయింట్ల మీద 12 లైన్ స్పేసింగ్ సరిపోతుంది. తెలుగుకు అదే ఇస్తే పై లైను వత్తులు కింది లైను గుడులకు తగులుతాయి, 15 దాకా వదలాల్సిందే. డీటీపీ సెంటర్ల నుంచి వచ్చే పాత అను (తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్) ఫైళ్లు యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర కోడ్, కావు. వాటిలోని తెలుగును వెబ్‌సైట్‌లో అతికిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చాక కూడా ప్రతి వత్తూ కంటితో చూసుకోవాలి.

"పాత అనుభవం మరిచిపోండి." సందేశంలో అన్నిటికన్నా నష్టం చేసే సలహా ఇదే. మామిడి పల్పు ఫ్యాక్టరీ క్వాలిటీ సెక్షన్‌లో పనిచేసినవారికి లేబుల్ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు, శాకాహార గుర్తు, నికర బరువు, ఎంఆర్‌పీ ఉండాలని ఎవరూ చెప్పక్కర్లేదు. కొత్తగా కోర్సు ముగించినవాడు అదే లేబుల్‌లో సగం విషయాలు వదిలేసి పంపుతాడు. లాడ్జి రిసెప్షన్‌లో కూర్చున్నవారికి రాత్రి రెండింటికి కొండ దిగి వచ్చిన కుటుంబం బోర్డులో ముందు ఏం వెతుకుతుందో తెలుసు. మొదటి గిరాకీ ఆ రంగం నుంచే రావడం మామూలు.

"ముందు రాజీనామా చేయండి." వద్దు. జీతం ఆగిన మనిషి ఎవరు ఎంతిస్తే అంతకు చేస్తాడు, తర్వాత అదే అతని రేటుగా స్థిరపడుతుంది. కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకుని, సాయంత్రాలు డబ్బులిచ్చే పనులు నాలుగైదు పూర్తిచేశాక ఆ సంగతి ఆలోచించొచ్చు.

"పోర్ట్‌ఫోలియోలో 30 ఉండాలి." ట్యుటోరియల్ చూసి చేసిన 30 పోస్టర్లు చూసేవాళ్లకు ఒక్కలాగే ఉంటాయి. నాలుగు చాలు. అయితే ఒక్కోదానికీ సమస్య ఏమిటి, మొదటి ప్రయత్నం ఎందుకు పనికిరాలేదు, చివరికి ఏం మారింది అన్నవి ఉండాలి. అచ్చయిన వస్తువు ఫోటో ఒకటైనా పెట్టండి.

"పని కావాలంటే బెంగళూరే." యాప్‌లు, వెబ్‌సైట్ల డిజైన్ ఉద్యోగాల వరకు ఇందులో నిజముంది. అచ్చుపని, ప్యాకింగు, బోర్డుల మాటకొస్తే ఇక్కడ లాడ్జిలు, కల్యాణమండపాలు, పల్పు యూనిట్లు, శ్రీకాళహస్తి కలంకారీ అమ్మేవాళ్లు ఉన్నారు. కష్టం వేరేచోట ఉంది: లోగో వాట్సాప్‌లో వస్తుంది. 1,600 పిక్సెళ్ల వెడల్పున్న ఆ బొమ్మను 10 అడుగుల ఫ్లెక్సుకు సాగదీస్తే అంగుళానికి 13 పిక్సెళ్లే దక్కుతాయి. దూరంనుంచి చూసే ఫ్లెక్సుకైనా 72 ఉంటే మంచిది. లోగోను వెక్టర్‌గా (ఎంత పెద్దది చేసినా చెదరని గీతల బొమ్మగా) మళ్లీ గీయడమే దారి, ఆ పనికి వేరేగా బిల్లు వేయాలి. సగం డబ్బు ముందే తీసుకోండి, మార్పులు ఎన్నిసార్లో కాగితం మీద రాసుకోండి. రాసుకోకపోతే "పేరు ఇంకొంచెం పెద్దది చెయ్యి సామీ" అన్న ఫోను ఫైలు ప్రెస్సుకు వెళ్లాక కూడా వస్తుంది.