కవర్ మందం ఒక్కటే చూస్తే చాలదు

సర్ఫ్‌బోర్డుకి, అంటే సముద్రపు అలల మీద నిలబడి జారే పలకకి, 10 మిల్లీమీటర్ల ఫోమ్ ఉన్న కవర్ కొంటే ఇక నిశ్చింత అని బోర్డు కవర్ల గురించి వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. విమానంలో లగేజీగా వేసేవాళ్లకు అది సరే. హైదరాబాద్‌లో ఉంటూ వీలు దొరికినప్పుడు కారు మీద కట్టుకుని వైజాగ్ రుషికొండ బీచ్‌కి పోయే మాలాంటి వాళ్లకు దెబ్బల కన్నా ఎండతోనే టెన్షన్. థర్మోకోల్ జాతి ఫోమ్‌తో చేసి, పైన ఎపాక్సీ అనే గట్టి రెసిన్ పొర వేసిన బోర్డుని మే నెలలో అద్దాలు మూసిన కారులో వదిలేస్తే లోపలి గాలి వ్యాకోచించి పైపొర బుడగలా లేస్తుంది. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది. కవర్ ఎంత మందంగా ఉన్నా గంటల తరబడి ఎండలో ఉంటే ఆ వేడి లోపలికి దిగకుండా ఉండదు. అందుకే బయటివైపు వెండిరంగు పూత ఉన్నదే తీసుకోండి, బండి నీడలో ఆపండి.

కాళ్లు జారకుండా బోర్డు మీద రాసే మైనం గీకేయకుండా కవర్‌లో పెడితే కరిగి లోపలి గుడ్డకంతా అంటుకుంటుంది, అది వదిలించడం మహా విసుగు. బోర్డు అడుగున ఉండే ఫిన్లు (చిన్న రెక్కలు) విప్పేసి, ముక్కుకీ తోకకీ పాత తువ్వాళ్లు చుట్టండి. జిప్ మాత్రం ప్లాస్టిక్‌దే ఉండాలి, ఉప్పునీటికి ఇనుపది తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. ఇంటికి రాగానే బోర్డు బయటికి తీసి, కవర్‌ని మంచినీళ్లతో కడిగి ఆరేయండి. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దాన్ని చూసి టెంటు అనుకున్నాడు, అది వేరే సంగతి.