చోడంబలి రాగిజావ అయిన రోజు

మొన్న ఆగస్టు 29న మన సంఘం సభలో ఏం జరిగిందో వచ్చినవాళ్లంతా చూశారు. సంఘం సంచికలో అచ్చయిన, మేమంతా అప్ప అని పిలిచే ఆవిడ జ్ఞాపకాన్ని వేదిక మీద చదివింది నేనే. ముందు వరసలో కూర్చున్న అప్ప మూడో వాక్యానికే లేచి నిలబడి, "నాను ఇలాగనలేదు బాబూ" అంది. తర్వాత ఇంకేమీ అనకుండా చెప్పులేసుకుని వెళ్లిపోయింది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారి జయంతి నాడు, అదీ ఆయన పాఠాలు చెప్పిన మన ఒడిశా పర్లాకిమిడిలో, ఇలా జరిగిందే అని ఇప్పటికీ నాకు మనసులో మండుతూనే ఉంది.

అప్ప చదువు ఒడియాలోనే సాగింది, తెలుగు మాట్లాడుతుంది కానీ రాయదు. మనలో సగం మంది అంతే కదా, పిల్లలైతే వాట్సాప్‌లో తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. అందుకే ఆవిడ వాయిస్ మెసేజ్ పంపింది. వాళ్లమ్మ తనని నౌపడ-గుణుపురం చిన్న రైల్లో కాశీనగరం తీసుకెళ్లడం, దారిలో చెంబులోంచి చోడంబలి పోసి, "బేగి తాగీ గుంటా, టేసనొచ్చేత్తాది" అనడం, అదంతా చెప్పింది. సంచిక పని చూసే కుర్రాడు దాన్ని ఫోన్‌లో అక్షరాల్లోకి మార్చి, తప్పులు దిద్దమని ఏఐకి ఇచ్చాడు. అది చోడంబలిని రాగిజావ చేసింది. వాళ్లమ్మ నోటి మాటని "త్వరగా తాగు బిడ్డా, స్టేషన్ వచ్చేస్తుంది" అని మార్చేసింది. వాక్యాల్లో ఒక్క తప్పు లేదు. వాళ్లమ్మ కూడా లేదు.

కుర్రాడి మీద నాకు కోపం లేదు. ఆ ఫోనే లేకపోతే అప్ప మాట సంచికదాకా వచ్చేదే కాదు. పాత ఫాంట్లలో కంపోజ్ చేయించిన రోజులు నాకు గుర్తున్నాయి, ఆ ఫైల్ ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే అన్నీ పిచ్చి గీతలే. యూనికోడ్ వచ్చాక ఆ బాధ తీరింది. ఊరు వదిలి విశాఖ, హైదరాబాద్ వెళ్లినవాళ్లు కూడా మన గ్రూపులోనే ఉన్నారు. ఇదంతా మేలే, కాదనను.

కానీ అసలు తప్పు ఫోన్‌ది కాదు. ఆంధ్రా చుట్టాలు వస్తే "నాను" అనడం మానేసి "నేను" అంటాం, పిల్లలు "ఏటి" అంటే నెత్తిన మొట్టుతాం. మిషన్ కంటే ముందు దిద్దింది మనమే. ఆ రోజు చదివే ముందు నేనూ ఆ కాగితం చూశాను, బాగుందనే అనుకున్నాను.

సభ అయ్యాక ఒక పెద్దాయన, గిడుగువారు అడిగింది శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్నవాళ్ల వాడుక భాష, పల్లె యాస కాదు కదా అన్నారు. నిజమే. కానీ సవర తెగ మనిషిని ఇంట్లో ఉంచుకుని, ఆ భాష నేర్చుకుని, ఒక్కొక్క మాటా విని రాసుకున్నది కూడా ఆయనే. 1936లో ఒడిశా ఏర్పడి ఈ ఊరు అందులో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. మనం ఉండిపోయాం. మన బడిలో తెలుగు లేదు, బోర్డు మీద లేదు, మిగిలింది నోట్లోనే.

సంఘాన్ని ఒకటే బతిమాలుతున్నాను. ఉగాది సంచికకి ఎవరి వాయిస్ వచ్చినా విన్నది విన్నట్టే రాయండి. ఎక్కడైనా అర్థం కాకపోతే మిషన్‌ని కాదు, చెప్పినవాళ్లనే ఫోన్ చేసి అడగండి. పక్కన క్యూఆర్ కోడ్ పెడితే చదవడం రాని పిల్లలు కూడా వింటారు. టైపు చేసే పని నాకివ్వండి, రాత్రి కూర్చుని చేస్తాను.

పోయిన ఆదివారం అప్ప ఇంటికి వెళ్లాను. పాత మెసేజ్ వినిపిస్తూ చేత్తో రాసుకుంటున్నాను. "టేసనొచ్చేత్తాది" దగ్గర ఆపమంది. "మాయమ్మ ఇంకా బేగి అనీది," అని ఇంకోసారి చెప్పింది. కొట్టేసి మళ్లీ రాశాను.