దోసెల పిండీ, రోడ్డు భద్రతా

గ్రైండర్ బెల్టు తెగింది. మర్నాడు పొద్దున్నే మా ఆడపడుచు కుటుంబమంతా దిగుతున్నారు. కాబట్టి నానబెట్టిన పప్పూ బియ్యం గిర్నీకి తీసుకెళ్లి, రుబ్బించి, స్టీలు క్యాన్‌లో పోయించుకుని, స్కూటీ మీద కాళ్ల దగ్గర పెట్టుకుని ఇంటికొస్తున్నాను. సాయంత్రం ఏడయింది. నెత్తిన ఐఎస్ఐ మార్కు హెల్మెట్ ఉంది, గడ్డం కింద క్లిప్పు కూడా పెట్టుకున్నాను. వేగం ఇరవై దాటలేదు. ఇంతవరకూ కథలో ఎవరి తప్పూ లేదు.

తప్పు మా వీధి మలుపులో ఉంది. పొద్దున నేను ఆఫీసుకి వెళ్లేటప్పుడు అది అక్కడ లేదు.

మేముండేది హైదరాబాద్‌లో ఉప్పల్ దాటాక వరంగల్ హైవేని ఆనుకుని ఉన్న కాలనీల్లో ఒకదాంట్లో. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఫ్లైఓవర్ పని 2018లో మొదలైంది. అప్పుడు మా అమ్మాయి ఆరో తరగతి. అది పది గట్టెక్కి, ఇంటర్ గట్టెక్కి, ఇంజనీరింగ్‌లో చేరేదాకా కూడా మేము పిల్లర్లే చూస్తూ వచ్చాం. కింద ఆ దుమ్మూ గుంతలూ పడలేక తెలివైనవాళ్లంతా మా సందుల్లోంచి అడ్డదారి కనిపెట్టారు. వాటర్ ట్యాంకర్లు, కాలేజీ బస్సులు, ఇసుక లారీలు, అన్నీ మా ఇంటి ముందునుంచే. గేటు తీసి ముగ్గు వేయాలంటే ముందు కుడివైపు చూడాలి, తర్వాత ఎడమవైపు చూడాలి, అప్పుడు చుక్క పెట్టాలి.

దాంతో కాలనీ వాట్సాప్ గ్రూపులో స్పీడ్ బ్రేకర్ ఉద్యమం లేచింది. మా అసోసియేషన్ అధ్యక్షులవారు ‘పైవాళ్లతో మాట్లాడి శాంక్షన్ చేయిస్తా’ అని మాటిచ్చారు. ఇచ్చిన మాట ఆయన ఎప్పుడు నిలబెట్టుకుంటారో ఎవరికీ తెలియదు. ఈసారి నేను ఆఫీసులో ఉండగా నిలబెట్టుకున్నారు. పక్క కాలనీలో రోడ్డు వేయగా మిగిలిన తారు కంకర ఒక ట్రాక్టర్‌లో తెప్పించి మలుపులో దింపించారు. పైన రోలరు తిప్పారో లేదో గానీ, చెప్పుల అచ్చులైతే స్పష్టంగా ఉన్నాయి. తెల్ల పెయింటు లేదు. బోర్డు లేదు. సరిగ్గా దానిపైనే ఉన్న వీధి దీపం దసరా ముందునుంచీ వెలగడం లేదు. దాని సంగతి గ్రూపులో అడిగితే చేతులు జోడించిన బొమ్మ ఒకటి వచ్చింది, అంతే.

నల్లటి రోడ్డు మీద నల్లటి గుట్ట, పైన చీకటి.

ముందు చక్రం ఎక్కింది. ఎక్కి, అక్కడ కాసేపు ఆలోచించింది. బండి కింది భాగం గుట్ట మీద కూర్చుంది. వెనక చక్రం గాల్లో తిరుగుతోంది. స్కూటీ ముందుకీ పోదు, వెనక్కీ రాదు. అప్పుడు లేచింది క్యాన్ మూత.

ఈ మూత గురించి కొంచెం చెప్పాలి. అది మా అత్తగారిది. స్టీలు సామాను కొన్నప్పుడల్లా షాపులోనే మిషన్‌తో పేరు కొట్టించే రోజుల్లో కొన్నది. ఆవిడ పేరు, ఇంటిపేరుతో సహా, చుక్కలు చుక్కలుగా మూత మీద ఉంటుంది. పెళ్లయిన కొత్తలో ఆ క్యాన్ నాకిస్తూ, ‘మూత జాగ్రత్తమ్మా, ఈ సైజు మళ్లీ దొరకదు’ అన్నారు. అప్పటినుంచీ ఆ క్యాన్ కంటే ఆ మూతనే ఎక్కువ కాపాడుకుంటూ వచ్చాను. మా ఇంట్లో రెండు మిక్సీలు పోయాయి, ఒక టీవీ పోయింది, ఆ మూత పోలేదు. అలాంటిది గాల్లోకి లేచి, నా హెల్మెట్‌కి ఠంగుమని తగిలి, రోడ్డు మీద నిలువుగా పడి, చక్రంలా దొర్లుకుంటూ కిరాణా కొట్టు వైపు వెళ్లిపోయింది. నేను దానివైపే చూస్తున్నాను. మనిషి పడేటప్పుడు చూడాల్సింది నేలవైపని మా ఆయన తర్వాత చెప్పారు. ఆయన ఎప్పుడూ తర్వాతే చెబుతారు.

మూత వెనకే పిండి లేచింది. సగం నా మీద, మిగతాది స్పీడ్ బ్రేకర్ మీద. నేను కూడా స్పీడ్ బ్రేకర్ మీదే. పడ్డానని అనను. కూర్చున్నాను. హెల్మెట్ అద్దం మీంచి పిండి నిదానంగా కిందికి జారుతుంటే లోకమంతా తెల్లగా, ప్రశాంతంగా కనిపించింది. మెత్తగా రుబ్బాడు, గిర్నీ అతన్ని మెచ్చుకోవాలి. ఒక్క పలుకు తగల్లేదు.

కూర్చున్నప్పుడే నాకు ఆ గుట్ట ఎత్తు అనుభవంలోకి వచ్చింది. లెక్కలు తర్వాత మా అక్క కొడుకు చెప్పాడు. వాడు సివిల్ ఇంజనీరు. స్పీడ్ బ్రేకర్లకి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్లు 1988లోనే కొలతలు రాసి పెట్టారట. ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, పైన గుండ్రంగా వంపు. గంటకి 25 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి పెద్దగా కుదుపు లేకుండా దాటిపోవాలన్నది లెక్క. నలుపూ తెలుపూ చారలు వేయాలి, 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు పెట్టాలి. కొత్తగా వేస్తే రాత్రిపూట కూడా కనిపించాలని ప్రత్యేకంగా చూసుకోవాలట. వాడు ఇదంతా చెబుతుంటే మా ఆయన టైలరింగ్ టేపు తీసుకెళ్లి కొలిచొచ్చారు. మా వీధిలోది ఎత్తు ఒక జానెడు, వెడల్పు రెండు మూరలు. ‘పిన్నీ, దాన్ని స్పీడ్ బ్రేకర్ అనరు, అడ్డుగోడ అంటారు’ అన్నాడు వాడు. ఎవరేమన్నా అప్పటికే దాని మీద కూర్చుని లేచినదాన్ని నేను.

లేవలేదు ఇంకా. అప్పటికి కూర్చునే ఉన్నాను. జనం చేరారు.

మొదట వచ్చింది పక్క సందు పెద్దావిడ. ‘అయ్యయ్యో, ఎంత పిండి, ఎంత పిండి’ అని గుండె మీద చెయ్యి వేసుకుంది. మినప్పప్పు రేటు నాకు గుర్తుచేసింది. నాకు దెబ్బ తగిలిందా అని ఆవిడ అడగలేదు. పైపైన ఉన్నది తీసుకోవచ్చు కదా, అడుగునున్నదానికే కదా మట్టి అంటింది, అని సలహా మాత్రం ఇచ్చింది. కిరాణా కొట్టతను ‘మేడమ్, దోసెలదా ఇడ్లీలదా?’ అన్నాడు. దోసెలదన్నాను. ‘అదే, పల్చగా పారుతోంది’ అన్నాడు సంతృప్తిగా. వాకింగ్‌కి వచ్చిన ఒక పెద్దమనిషి ముందు బ్రేకు కొట్టాలా వెనక బ్రేకు కొట్టాలా అన్న విషయం మీద ప్రసంగం ఎత్తుకున్నారు. కాలనీ కుక్కలు రెండు వచ్చి ఏ చర్చా లేకుండా తమ పని మొదలుపెట్టాయి. ఒక కాలేజీ కుర్రాడు మాత్రం నోరు మెదపకుండా బండి లేపి స్టాండ్ వేసి, నా చెయ్యి పట్టుకుని లేపబోయాడు. ఆ పిల్లాడి అమ్మానాన్నలెవరో తెలీదు, చల్లగా ఉండాలి.

ఇంతలో మలుపు తిరిగి ఒక బైకు దూసుకొచ్చింది. దానిమీద ముగ్గురు, హెల్మెట్లు సున్నా. చలాన్ల మాటెత్తితే 2023 డిసెంబరులో టూవీలర్లకి 80 శాతం డిస్కౌంటు ఇచ్చారుగా, మళ్లీ ఇస్తారు అనే బ్యాచ్ అది. ఆ కుర్రాళ్లు దూరం నుంచే తెల్లటి గుట్టని చూసి బ్రేకు వేశారు. మెల్లగా, పద్ధతిగా, కుక్కల్ని కూడా తప్పించుకుని దాటారు. వెనక వచ్చిన ట్యాంకరు కూడా నెమ్మదించింది. మా వీధిలో బండి నెమ్మదించడం నేను ఈ ఇంట్లోకి వచ్చాక అదే చూడటం. దానికి కారణం నా ఆడపడుచు పిల్లల టిఫిన్.

అప్పుడు అధ్యక్షులవారు ప్రత్యక్షమయ్యారు. ఇస్త్రీ తెల్ల చొక్కా, మెడలో కండువా. పక్కన ఒక కుర్రాడు, చేతిలో లోగో ఉన్న మైకు. మా ఏరియా వార్తలు యూట్యూబ్‌లో పెట్టే ఛానెల్ ఒకటుందిలెండి. కుళాయి పైపు పగిలినా, అన్నదానం జరిగినా, ఎవరి మేక తప్పిపోయినా అందులోనే వస్తుంది. అధ్యక్షులవారు తన కొత్త స్పీడ్ బ్రేకర్‌ని వార్తల్లోకి ఎక్కించడానికి ఆ కుర్రాణ్ని స్వయంగా వెంటబెట్టుకుని వస్తున్నారన్నమాట. వచ్చి చూసేసరికి స్పీడ్ బ్రేకర్ తెల్లగా తడిసి ఉంది, దానిపక్కన ఒక ఆడమనిషి, చుట్టూ జనం.

ఆయన ముఖంలో ఒక్క క్షణం టెన్షన్ కనిపించింది. ఒక్క క్షణమే. రాజకీయాల్లో పైకొస్తారు, నాకు అనుమానం లేదు.

‘కాలనీవాసుల చిరకాల కోరిక నెరవేరిన సందర్భంగా’ అని మొదలుపెట్టారు మైకులో, ‘సంతోషం పట్టలేక మా మహిళామణులు స్వచ్ఛందంగా ముందుకొచ్చి పాలాభిషేకం చేశారు.’

మన దగ్గర నాయకుల ఫ్లెక్సీల మీద పాలు పోయడం మామూలే. జీవో వచ్చినా పోస్తారు, పదవి వచ్చినా పోస్తారు. రోడ్డు బాగాలేకపోతే గుంతలో వరి నాట్లు వేసి నిరసన చేస్తారు, అది కూడా పేపర్లో చూస్తూనే ఉంటాం. కానీ స్పీడ్ బ్రేకర్‌కి పాలాభిషేకం చేసినవాళ్లు నాకు తెలిసి ఇంతవరకూ లేరు. ఆ కీర్తి కూడా నా ఖాతాలోనే పడింది.

‘పాలు కాదండీ, పిండి’ అన్నాను హెల్మెట్‌లోంచి. అది బయటికి ‘బాగుందండీ’ అని వినిపించిందేమో తెలీదు, ఆయన తలూపారు. క్లిప్పు తీద్దామంటే పిండి చేతులకి అది జారిపోతోంది. మైకు కుర్రాడు ఫోన్ లైటు నా ముఖం మీద కొట్టాడు. ‘ఆంటీ, ఎలా ఫీలవుతున్నారు?’

‘బాబూ, నీకు దణ్ణం పెడతాను, ఆ కెమెరా ఆపు’ అని రెండు చేతులూ జోడించాను.

ఆ మాట తీసేశాడు. చేతులు ఉంచాడు. వెనక సన్నాయి పెట్టాడు.

ఈలోగా చిన్నపిల్లాడొకడు మూత పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. దాని మీది పేరు పైకి చదివాడు, గట్టిగా, ఇంటిపేరుతో సహా. తెలుగు మీడియం పిల్లాడై ఉంటాడు, ఒక్క అక్షరం పోనివ్వలేదు. మైకు కుర్రాడు ఆ పేరు రాసుకున్నాడు.

ఇంటికెలా వచ్చానో అడగొద్దు. స్నానం అయింది, మోచేతికి మందు రాసుకోవడం అయింది, నిద్రా అయింది. పొద్దున్నే ఫోను మోగింది. చూస్తే అత్తగారు, ఊరి నుంచి.

‘ఏమ్మా, నేనెప్పుడు హైదరాబాద్ వచ్చాను?’

ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్లు. వీధి అరుగు దాటి బయటికి వెళ్లడం మానేసి చాలా కాలమైంది. అలాంటి మనిషి అర్ధరాత్రి లోపల స్కూటీ మీద వచ్చి స్పీడ్ బ్రేకర్‌కి పాలాభిషేకం చేసి, హెల్మెట్‌తో దణ్ణం పెట్టినట్టు ఆ ఊళ్లో ప్రతి ఫోన్లోనూ తిరుగుతోంది. వీడియో కింద పెద్దక్షరాల్లో ఆవిడ పేరు, ఆ పక్కన ‘వృద్ధురాలి ఔదార్యం’ అని. హెల్మెట్ ఉండబట్టి నా ముఖం కనబడలేదు, అదొక్కటే అదృష్టం. కానీ ఆ హెల్మెట్‌లో ఉన్నది వృద్ధురాలని వాడు ఏ ఆధారంతో తేల్చాడు? మూత మీద పేరు పాతకాలపుదే, ఒప్పుకుంటాను. నేను లేచిన తీరు చూసి తేల్చలేదు కదా? దీని గురించి నేను ఇంకా ఆలోచిస్తున్నాను. మా ఆయన ఆలోచించొద్దన్నారు, కానీ నవ్వు ఆపుకుంటూ అన్నారు.

‘మరి పాలెన్ని లీటర్లు పోశావు?’ అన్నారు అత్తగారు.

పిండి అని చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు.

‘మూత?’ అన్నారు.

ఉందన్నాను. సొట్ట సంగతి చెప్పలేదు.

ఆడపడుచు వాళ్లకి ఉప్మా పెట్టాను. ఆవిడ ఏమీ అనలేదు, వాళ్ల చిన్నవాడు మాత్రం ‘దోసెలన్నావుగా అత్తా’ అని రెండుసార్లు గుర్తుచేశాడు. ఎండకి స్పీడ్ బ్రేకర్ మీద పిండి అప్పడంలా ఎండి పెచ్చులు లేచిపోయింది, మధ్యాహ్నానికల్లా మళ్లీ నల్లగా తయారైంది. సాయంత్రం అక్కడే ఒక డెలివరీ అబ్బాయి జారాడు. ఆ వార్త ఛానెల్‌లో రాలేదు.

రాత్రి గ్రూపులో అధ్యక్షులవారి మెసేజ్ వచ్చింది. స్పీడ్ బ్రేకర్‌కి తెల్ల రంగు వేయించడానికి ఇంటికి 200 రూపాయలు చందా, రేపు సాయంత్రంలోగా ఇవ్వగలరు, సహకరించిన మహిళా సోదరీమణులకు ప్రత్యేక ధన్యవాదాలు. కింద వరసగా బొటనవేళ్లు, పువ్వులు. మా ఆయనది కూడా ఒక బొటనవేలు ఉంది.

నేనివ్వను. నా వంతు తెలుపు నేను ముందే పోశాను.