"ఓగ్బెచే పైసల కోసం వచ్చిండు" అని తిరుగుతున్న ఫార్వర్డ్‌కు నా జవాబు

మూడు రోజుల సంది మా పాలమూరు ఫుట్‌బాల్ గ్రూపులల్ల ఒకటే ఫార్వర్డ్ తిరుగుతున్నది, మా జడ్చర్ల పోరగాళ్ల గ్రూపులనైతే నాలుగు సార్లు పడ్డది. ఓగ్బెచే అంటే ఐఎస్ఎల్ ఫుట్‌బాల్ లీగ్‌ల మన హైదరాబాద్ ఎఫ్‌సీ టీంకు రెండు సీజన్లు ముంగటాడి గోల్స్ కొట్టిన నైజీరియా ఆటగాడు. ఆ ఫార్వర్డ్‌ల ఉన్నది ఇదీ: ఓగ్బెచేను పొగుడుడు ఇగ ఆపుండ్రి, ఆయన రిటైరయ్యే వయసుల పైసల కోసం వచ్చిండు, టీమంత కష్టపడితే ఈయన ముంగట నిలబడి కాలు తగిలించిండు, పెద్ద మ్యాచ్‌లల్ల మాయమైండు, బయటోడు కాబట్టి రెండు సీజన్లకే పోయిండు, అసలు హైదరాబాద్‌ల ఫుట్‌బాల్ చూసెటోళ్లే లేరు. ఎవరు రాసిన్రో నాకు తెల్వదు గానీ దాన్ని పంపినోళ్లల్ల నాతోని గచ్చిబౌలికి బస్సెక్కి వచ్చినోళ్లు కూడా ఉన్నరు, అందుకే మనసుకు పట్టింది, అందుకే ఒక్కొక్క మాటకు జవాబు రాస్తున్న.

ముందు వయసు, పైసల సంగతి. వయసు నిజమే, 1984 అక్టోబర్‌ల పుట్టిండు, మన దగ్గరికి వచ్చేసరికి 37 నిండుతున్నయి. కానీ ఆ 2021-22 సీజన్ల 20 మ్యాచ్‌లు ఆడి 18 గోల్స్ కొట్టిండు, అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినోనికి ఇచ్చే గోల్డెన్ బూట్ ఆయనకే వచ్చింది, ఒక్క సీజన్ల 18 అంటే అంతకుముందు గోవా టీం ఆటగాడు కోరో 2017-18ల కొట్టిన రికార్డుతో సమానం. జనవరి 24న ఈస్ట్ బెంగాల్‌ను 4-0తోని కొట్టినప్పుడు మూడు ఈయనవే. అదే నెలల కోరో పేరు మీదున్న 48 గోల్స్ లీగ్ రికార్డును కూడా దాటిండు. పైసలు తీసుకున్నడా అంటే తీసుకున్నడు, ప్రొఫెషనల్ అయినంక ఎవరు తీసుకోరు చెప్పుండ్రి, మా నాన్న జీతం తీసుకోకుండ డ్యూటీకి పోయిండా? తీసుకున్న పైసలకు పని చేసిండా లేదా అన్నదొక్కటే చూడాలె. ఇంకోటి, ఈ మనిషి 17 ఏండ్లకే 2002 వరల్డ్ కప్‌ల నైజీరియా తరఫున ఆడిండు, ఇప్పుడు ఫార్వర్డ్ పంపే పిల్లలల్ల చానా మంది అప్పటికి పుట్టనే లేదు. బ్రెజిల్ స్టార్ రొనాల్డినో ఉన్న కాలంల ఫ్రాన్స్‌ల పీఎస్‌జీ క్లబ్బుల ఉన్న మనిషి. ఆడాల్సిందంతా ఆడి వచ్చి కూడా మన గ్రౌండ్ల అట్ల ఆడిండంటే ఇష్టం లేకుండ అయ్యే పని కాదు.

రెండోది, నిలబడి కాలు తగిలించిండన్న మాట. దీనికి జర ఎక్కువ రాయాలె, ఎందుకంటే టీవీల చూసినోళ్లకు నిజంగనే అట్ల కనిపిస్తది. టీవీల కెమెరా బాల్ ఎనుక పోతది, గ్రౌండ్ల కూసుంటే మనం మనిషి ఎనుక పోవచ్చు. 2022-23ల మ్యాచ్‌లు మళ్ల గచ్చిబౌలికి వచ్చినయి, అంతకుముందు రెండు సీజన్లు కరోనా వల్ల మొత్తం గోవాలనే ఆడిచ్చిన్రు కదా, మనం చాంపియన్ అయిన సీజన్ కూడా కండ్లార చూడలే. మేం నలుగురం జడ్చర్ల నుంచి బయల్దేరి ఆరాంఘర్ల దిగి అక్కడి నుంచి గచ్చిబౌలి పోయినం, నేనా రోజు పావుగంట సేపు బాల్ మొకమే చూడలే, ఓగ్బెచేనే చూసిన. ఇద్దరు డిఫెండర్ల నడుమ మెల్లగ నడుస్తడు, అటు తిరిగి ఇటు తిరిగి లైన్ చూసుకుంటడు, ఒకడు బాల్ దిక్కు తలకాయ తిప్పిన క్షణంల రెండడుగులు పక్కకు జరుగుతడు, అంతే, ఇగ వానికి ఈయన దొరకడు. ఉరికేది తక్కువ, జాగ చూసుకునేది ఎక్కువ. మా కాలేజీ గ్రౌండ్ల రెండు జతల చెప్పులు పెట్టి గోల్ పోస్టులు అనుకొని ఆడుకునే మాకు ముంగటాడెటోడంటే ఉరికెటోడే అనుకునేది, నిలబడుడు కూడా ఒక పనే అని ఆ రోజు తెలిసింది. రాత్రి కర్నూల్ దిక్కు పోయే బస్సు దొరికి జడ్చర్ల వచ్చేసరికి ఒంటిగంట దాటింది, దారంత ఆ రెండడుగుల ముచ్చటే.

మరి మన టీం మంచిగుండె కాబట్టి ఈయన కొట్టిండు అంటారా, అంతకుముందు ఎక్కడ ఎన్ని కొట్టిండో చూడుండ్రి. నార్త్ ఈస్ట్ టీంకు 12, వాళ్లు మొదటిసారి ప్లేఆఫ్‌కు పోయింది ఆ సీజన్లనే. కేరళకు 15, ముంబైకి 8, మనకు 18, ఆ తర్వాత సీజన్ల 38 ఏండ్ల వయసుల 10. మొత్తం 63. 2024ల సునీల్ ఛెత్రి దాటేదాక లీగ్‌ల అందరికంటే ఎక్కువ ఆయనవే. నాలుగు టీములు మారినా గోల్స్ ఆగలే.

పెద్ద మ్యాచ్‌లల్ల మాయమైండు అన్నదాంట్ల సగం నిజం ఉన్నది, నిజాన్ని నేను దాచ. 2022 మార్చి 20న కేరళతోని ఫైనల్ల ఆయన గోల్ కొట్టలే. ఆ రాత్రి మా ఇంట్ల మంచినీళ్ల చెంబుకు ఫోన్ ఆనిచ్చి చూసినం, 68వ నిమిషంల కేరళ రాహుల్ కొట్టినంక మా తమ్ముడు లేచి బయటికి పోయిండు, 88ల మన సాహిల్ తవోరా గాలిలున్న బాల్‌ను కొడితే నేను అరిసిన అరుపుకు అమ్మ నిద్రల నుంచి లేచింది, పెనాల్టీలల్ల మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపిండు, 3-1. ఆ రాత్రి కట్టిమణిది, తవోరాది, కాదన్నోళ్లు ఎవరూ లేరు. కానీ ఆ ఫైనల్‌కు ఎట్ల పోయినమో కూడా యాద్ చేసుకోవాలె. సెమీస్ మొదటి మ్యాచ్‌ల మోహన్ బగాన్ ముందు కొట్టింది, హాఫ్ టైమ్ విజిల్‌కు ముందు సమం చేసింది ఓగ్బెచే, ఆ మ్యాచ్ 3-1తోని గెలిచినం, రెండోది 0-1 ఓడినం, రెండు కలిపి 3-2. ఆ ఒక్క గోల్ తీసేస్తే 2-2, ఇగ మీరే చూసుకోండ్రి. అంతకుముందు ఏడాది ముంబై కప్పు గెలిచిన ఫైనల్ల కూడా 90వ నిమిషంల బిపిన్ సింగ్ గోల్‌కు బాల్ ఇచ్చింది ఈయనే.

ఇగ 2023 మార్చిల కోల్‌కతాల సెమీస్ పెనాల్టీలల్ల ఆయన కొట్టింది పోయింది, అది నాకు కూడా ఇప్పటికీ మనసుల గుచ్చుకుంటది. కానీ ఆ రెండు మ్యాచ్‌లు, ఎక్స్‌ట్రా టైం మొత్తం కలిపినా రెండు దిక్కుల ఒక్క గోల్ పడలే, పెనాల్టీ మన సివేరియోది కూడా పోయింది. ఒక్కని మీద వేసుడు అన్యాయం.

బయటోడు అన్న మాటకైతే నాకు నిజంగ కోపమొచ్చింది. మన అమ్ముగూడల పుట్టిన తులసీదాస్ బలరాం ఎక్కడికి పోయి ఆడిండు? కోల్‌కతాకు, ఈస్ట్ బెంగాల్‌కు. 1960 రోమ్ ఒలింపిక్స్‌ల హంగేరీ మీద, పెరూ మీద గోల్ కొట్టినోడు, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ గోల్డ్ టీంల ఉన్నోడు. బెంగాల్ వాళ్లు ఆయన్ని బయటోడు అనలే, నెత్తిన పెట్టుకున్నరు, కోల్‌కతా పక్కన ఉత్తరపారలనే బతికిండు, 2023 ఫిబ్రవరిల కోల్‌కతాలనే పోయిండు. అప్పుడు ఇక్కడ మనకు ఓగ్బెచే ఆడుతున్నడు. మన పిలగాన్ని వాళ్లు అట్ల చూసుకుంటే, మనకు కప్పు తెచ్చిన టీంల ముందుండి గోల్స్ కొట్టినాయనను మనం గిట్లనా తలుసుకునేది?

హైదరాబాద్‌ల ఫుట్‌బాల్ లేదు అనెటోళ్లు రహీం సాబ్ పేరు ఒక్కసారి వెతుకుండ్రి చాలు. సిటీ పోలీస్ టీం 1950 నుంచి 1954 దాక వరుసగ ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది, ఇండియా టీం 1956 ఒలింపిక్స్‌ల నాలుగో ప్లేస్‌కు పోయింది ఆయన కోచ్‌గ ఉన్నప్పుడే.

ఓగ్బెచే పోయినంక ఏమైందో అందరికీ ఎరుకే, 2023-24ల 22 మ్యాచ్‌లల్ల ఒక్కటే గెలుపు, అందరికంటే అడుగున, 2025ల క్లబ్బే ఢిల్లీకి పోయి పేరు మార్చుకున్నది. మా దగ్గర మిగిలింది పసుపు జెర్సీలు, ఆ రెండు సీజన్ల యాది. అందుకే అడుగుతున్న, ఆ ఫార్వర్డ్ మళ్ల పంపేటట్టుంటే పెనాల్టీ పోయిన ముచ్చట ఉంచుకోండ్రి, అది నిజమే, దాని కింద 12, 15, 8, 18, 10 అని ఈ ఐదు అంకెలు కూడా రాసి పంపుండ్రి.