కదలని సైకిలుకు కావలసినవి

చలికాలం వచ్చి, తెల్లారుజామున మంచులో రోడ్డు కనపడని రోజులు మొదలవగానే మనవాడి చూపు సైకిల్‌ను ఇంట్లోనే నిలబెట్టి తొక్కించే ఇండోర్ ట్రైనర్ మీద పడుతుంది. పడ్డ చూపు నేరుగా పెట్టె మీది అంకెల దగ్గరికి పోతుంది. 20 శాతం వాలున్న కొండ ఎక్కిస్తుందట. 2,000 వాట్ల దాకా తట్టుకుంటుందట. ట్రాక్ స్ప్రింటర్లు 2,000 వాట్లు తొక్కితే కొన్ని క్షణాలు తొక్కుతారు. మనవాడు వంతెన ఎక్కేటప్పుడే సైకిల్ దిగి నడిపించుకుపోయే రకం. అయినా 1,500 వాట్లది చూస్తే ఎందుకో వెలితిగా ఉంటుంది.

ఇన్ని అంకెలు చదివినవాడు తన సైకిల్ వెనక చక్రం దగ్గర ఒక్కసారి వంగి చూడడు. ఏ ట్రైనర్ కొనాలో తేల్చేది అసలు ఆ యాక్సిలూ (చక్రపు ఇరుసు), ఆ గేర్లూనే.

చవకలో దొరికేది రోలర్లు. మూడు డ్రమ్ములు, ఒక బెల్టు. సైకిల్‌ను ఏదీ పట్టుకోదు. గుమ్మం మధ్యలో పెట్టుకుని మొదలెట్టమని తెలిసినవాళ్ళు చెబుతారు, పడబోతే రెండు వైపులా చేతికి ఆసరా ఉంటుందని. మనవాడు హాలు మధ్యలో, టీవీ ఎదురుగా పెట్టుకుంటాడు.

ఆ తరువాతది వీల్ ఆన్. వెనక టైరును ఒక చిన్న డ్రమ్ము మీద నొక్కిపెడతారు. టైరు డ్రమ్ముకు తగిలాక బిగించే మరను ఇంకో రెండు చుట్లు తిప్పితే చాలు (సరిగ్గా ఎన్నో దాంతో వచ్చిన కాగితంలో ఉంటుంది). ఎక్కిన ప్రతిసారీ గాలి ఒకే ఒత్తిడిలో ఉండాలి. పది నిమిషాలు తొక్కి టైరు వేడెక్కాక కాలిబ్రేషన్, అంటే వాట్ల లెక్క సరిచూసుకోవడం, చేయాలి. మనవాడు గాలి చూడడు, కాలిబ్రేషన్ చేయడు. నిన్న 180 వాట్లకే నాలుక బయటపెట్టినవాడు ఇవాళ 230 తొక్కేశానని ఊరంతా చెప్పుకుంటాడు. తొక్కింది అతను కాదు, టైరులో మారిన గాలి. రోడ్డు టైరునే ఉంచేస్తే జారినప్పుడల్లా కాలిన రబ్బరు వాసన, కింద నల్లటి పొడి. ట్రైనర్ టైరని విడిగా గట్టి రబ్బరుది దొరుకుతుంది, కాకపోతే దానితో రోడ్డెక్కకూడదు.

ఇవేవీ మనవాడి హోదాకు సరిపోవు కనుక డైరెక్ట్ డ్రైవ్ తెప్పిస్తాడు. వెనక చక్రం తీసేసి సైకిల్‌ను నేరుగా దాని మీద కూర్చోబెట్టే రకం. పెట్టె చాలావరకు పదిహేను కిలోల పైమాటే కాబట్టి ఇద్దరు పట్టుకోవాలి. "ఇంత బరువుంది, దీనికి చక్రాలేవండీ?" అని రెండో మనిషి అడుగుతుంది. జవాబు ఉండదు.

మనవాడు ఒడుపుగా చెయిన్‌ను చిన్న పళ్ళచక్రం మీదికి దింపి, వెనక చక్రం ఊడదీసి, సైకిల్‌ను ట్రైనర్ మీదికి ఎత్తుతాడు. చెయిన్ వేయబోతే అక్కడ పళ్ళే లేవు. గాడులున్న ఒక ఉత్త గొట్టం, దాని పేరు ఫ్రీహబ్. క్యాసెట్ (వెనక పళ్ళచక్రాల గుత్తి) విడిగా కొనుక్కోవాలని పెట్టె అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. కొండ వాలు గురించి రాసినంత పెద్దగా ఇది ఎవరూ రాయరు.

పోనీ, తీసిన చక్రానికున్న క్యాసెట్టే దీనికి వేద్దామంటే రెండు పనిముట్లు కావాలి. పళ్ళు తిరిగిపోకుండా పట్టుకునే చెయిన్ విప్ ఒకటి, క్యాసెట్‌ను బిగించి ఉంచే లాక్‌రింగ్ గాడుల్లో కూర్చునే టూల్ ఒకటి. సుత్తీ స్క్రూడ్రైవరూ ఈ పనికి చాలవన్నది మనవాడు వాటిని వాడి మరీ తెలుసుకుంటాడు: లాక్‌రింగ్‌కు నాలుగు గాట్లు, బొటనవేలికి ఒకటి.

పనిముట్లు వచ్చాయనుకోండి, అప్పుడు గాడుల లెక్క. షిమానో కంపెనీ హెచ్‌జీ రకం ఫ్రీహబ్ మీద స్రామ్ కంపెనీ ఎక్స్‌డీఆర్ రకం క్యాసెట్ బతిమాలినా ఎక్కదు. 11 స్పీడ్ (పదకొండు పళ్ళచక్రాల) రోడ్డు ఫ్రీహబ్ మీద 8, 9 స్పీడ్ క్యాసెట్ వేస్తే ముందుగా 1.85 మిల్లీమీటర్ల స్పేసర్ రింగు తొడగాలి. పెట్టెలో పాలిథిన్ కవరులో వచ్చిన పల్చటి రింగు అదే. అది మరిచిపోతే లాక్‌రింగ్ ఎంత బిగించినా క్యాసెట్ అటూ ఇటూ లొడలొడలాడుతుంది. మనవాడేమో లోపం ట్రైనర్‌దే అనుకుని ఫిర్యాదు రాయడం మొదలెడతాడు. బిగింపు ఎంతన్నది లాక్‌రింగ్ మీదే ఉంటుంది: 40 న్యూటన్ మీటర్లు. పావు మీటరు పానా చివర పదహారు కిలోలు మోపినంత.

యాక్సిల్ సంగతి టూకీగా. రిమ్ బ్రేకుల రోడ్డు సైకిలైతే సాధారణంగా 130 మిల్లీమీటర్ల క్విక్ రిలీజ్ (మీట తిప్పితే ఊడేది), డిస్క్ బ్రేకుల కొత్తవాటికి ఎక్కువగా 12 × 142 మిల్లీమీటర్ల త్రూ యాక్సిల్ (ఫ్రేము గుండా దూర్చి మరలా బిగించేది). కొనేముందే కొలుచుకుంటే సరైన అడాప్టర్లు పెట్టెలో ఉన్నాయో లేదో తెలుస్తుంది.

అన్నీ బిగించి, పెడల్ మీద కాలు పెట్టి లాప్‌టాప్‌లో యాప్ తెరిస్తే ట్రైనర్ కనపడదు. బ్లూటూత్‌లో ఒక్కరితోనే మాట్లాడే ట్రైనర్లు చాలా ఉన్నాయి. ఆ ఒక్క చోటునూ జేబులోని ఫోన్ ఎప్పుడో కబ్జా చేసింది. ఫోన్‌లో యాప్ పూర్తిగా మూసేస్తేనే లాప్‌టాప్‌కు దారి.

ఇక ఎర్గ్ మోడ్, పెట్టుకున్న వాట్లను ట్రైనరే నిలబెట్టే పద్ధతి. 200 వాట్లని పెట్టుకుంటే, కాళ్ళు ఎంత నెమ్మదిస్తే ట్రైనర్ అంత బిగుస్తుంది. నిమిషానికి 90 చుట్ల నుంచి 60కి పడిపోతే పెడల్ మీద మోపాల్సిన బలం ఒకటిన్నర రెట్లవుతుంది. దానితో కాళ్ళు ఇంకా నెమ్మదిస్తాయి, అది ఇంకా బిగుస్తుంది. ఫోన్ మోగిందని మనవాడు అరక్షణం తటపటాయిస్తే పెడల్ గోడలా నిలబడిపోతుంది. అక్కడ కుస్తీ పట్టకూడదు. తొక్కడం పూర్తిగా ఆపి, పట్టు వదిలాక వేగంగా తిప్పుతూ మళ్ళీ అందుకోవాలి.

200 వాట్లు పెడల్‌కు చేరాలంటే ఒంట్లో ఇంకో ఆరేడు వందల వాట్లు వేడిగా పోతాయి. అంటే చిన్న రూమ్ హీటరుకు సరిపడా. రోడ్డు మీద గాలి ఊరికే వస్తుంది, గదిలో పెద్ద ఫ్యాను ఒకటి ఛాతీకి ఎదురుగా కావాలి. ఇంట్లోవాళ్ళు స్వెట్టర్లలో ముడుచుకుని "చలికాలంలో ఫ్యానేంటండీ!" అంటారు. ఫ్యాను ఆపేస్తే చెమట హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటు) బోల్టుల మీదా, హ్యాండిల్ టేపు కిందా చేరి లోపల్లోపలే తినేస్తుంది. హ్యాండిల్ మీద తువ్వాలు పరిస్తే సగం గండం గడుస్తుంది.

ఈలోగా ఎప్పుడో, చక్రం లేని సైకిల్ వెనక బ్రేకును పిల్లవాడు సరదాగా నాలుగుసార్లు నొక్కి వెళ్ళాడు. మధ్యలో డిస్క్ లేకపోయేసరికి ప్యాడ్లు రెండూ దగ్గరికొచ్చేశాయి. ఈ సంగతి చలికాలం పోయి, చక్రం తిరిగి పెట్టబోయినప్పుడు గాని తెలియదు. డిస్క్ దూరదు. ప్యాడ్ల మధ్య పెట్టాల్సిన ప్లాస్టిక్ ముక్క సైకిల్ కొన్ననాడే వచ్చింది, ఎందుకో తెలియక పారేశారు. ఇప్పుడు ప్లాస్టిక్ టైర్ లీవరు శుభ్రంగా తుడిచి, ప్యాడ్ల మధ్య దూర్చి మెల్లగా వెనక్కి నెట్టాలి. స్క్రూడ్రైవర్ అయితే ప్యాడ్లు గీసుకుపోతాయి.

గంటసేపు నెట్టగా నెట్టగా డిస్క్ దూరుతుంది. మనవాడు యాక్సిల్ బిగించి, చేతులు తుడుచుకుని, చెయిన్ అందుకుంటాడు. క్యాసెట్ ఇంకా ట్రైనర్ మీదే ఉంది.