ఏడీఏ0 దొరగారి బంగారు ఇమేజ్

మా టీమ్‌కి ఒక మహానుభావుడు ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో వీఎం ఇమేజ్, అంటే వర్చువల్ మెషీన్‌కి పెట్టే డిస్కు ఫైలు, తయారుచేసి దయచేశారు. ఫైలు పేరు 'గోల్డెన్-ఫైనల్-2'. లోపల సరుకు 2 జీబీ, ఫైలు మాత్రం 40. మిగతా 38 జీబీ సున్నాలు. అవి దిగేసరికి రాత్రి పన్నెండు.

బూట్ చేశాను. కెర్నల్ గడగడా అప్పజెప్పుకుంటూ వచ్చి 'మౌంట్‌రూట్>' దగ్గర టక్కున ఆగింది. రూట్, అంటే సిస్టమ్ ఫైళ్లుండే పార్టిషన్, ఎక్కడుందో నన్నే అడుగుతోంది! సారు తన దగ్గర సాటా డిస్కు పెట్టుకుని చేశారు, అక్కడ దాని పేరు ఏడీఏ0. మాది విర్టియో, అంటే వీఎంల కోసమే చేసిన డిస్కు రకం, ఇక్కడ వీటీబీడీ0. ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ చెయ్యాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో మాత్రం ఏడీఏ0పీ2 (ఏడీఏ0లో రెండో పార్టిషన్) అని శిలాశాసనం. పార్టిషన్‌కి 'రూట్‌ఎఫ్‌ఎస్' అని లేబుల్ తగిలించి, ఆ లేబులే రాస్తే ఏ డిస్కయితే ఏం? ఫ్రీబీఎస్‌డీ వాళ్లు విడుదల చేసే ఇమేజ్‌ల్లో ఉండేది అదే. చూసి నేర్చుకుంటే మేధావితనం తగ్గిపోదూ?

సరే, ఆ ప్రాంప్ట్ దగ్గర ఫైల్‌సిస్టమ్ రకం 'యూఎఫ్‌ఎస్' అని కొట్టి, కోలన్ పెట్టి, డిస్కు పేరు చెప్పాలి. బ్రౌజర్ కన్సోల్‌లో కోలన్ కొడితే సెమీకోలన్ పడుతోంది. ఎడమ షిఫ్ట్, కుడి షిఫ్ట్, క్యాప్స్‌లాక్ వేసి, తీసి, చిటికెన వేలితో కూడా ప్రయత్నించాను. పై చుక్క బుద్ధిగానే వస్తోంది, కిందిదే తోకతో వస్తోంది. ఆ తోక తెగితే చాలు స్వామీ అని మొక్కుకున్నాను. సారుకి ఫోన్ చేస్తే, 'నా దగ్గర బాగానే లేస్తోందే!' అన్నారు.

చివరికి వీఎం ఆపి, డిస్కుని సాటాకి మార్చాను. ఏడీఏ0 దొరగారు లేచారు.

లోపలికెళ్లాక నవ్వు చచ్చిపోయింది. ఇమేజ్‌ని ఒకసారి బూట్ చేసి చూసుకున్నారట, మంచిదే. అప్పుడు పుట్టిన ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలని (రిమోట్ లాగిన్‌లో సర్వర్ తానెవరో రుజువు చేసుకునేవి) తుడవకుండా అలాగే కట్టి పంపారు. ఈ ఇమేజ్‌తో లేచే ప్రతి మెషీన్‌కీ ఒకటే ప్రైవేట్ కీ! ఫైలు చేతిలో ఉన్న ఏ వెధవైనా 'నేనే మీ సర్వర్ని' అని మధ్యలో కూర్చుంటే క్లయింట్ కిక్కురుమనదు. కొట్టిన కమాండ్లు దాచే షెల్ హిస్టరీలో రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్ కూడా ఉంది, బోనస్‌గా. కీలు తీసేస్తే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ప్రోగ్రాం ఎస్‌ఎస్‌హెచ్‌డీ మొదటిసారి లేచేటప్పుడు కొత్తవి పుడతాయి. ఫైళ్లు తుడిచే ఆర్‌ఎం కమాండ్ ఒక్కటి కొడితే వేళ్లు అరిగిపోతాయా? జనం డేటా పెట్టే మెషీన్లయ్యా అవి!

తెల్లారి 'గోల్డెన్-ఫైనల్-3' వచ్చింది. ఈసారి బూట్ చెయ్యకుండానే ఎండీకాన్ఫిగ్ కమాండ్‌తో ఫైలుని డిస్కులా తగిలించి చూశాను. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో వీటీబీడీ0పీ2 అని కొత్త శాసనం. కీలు పాతవే.