కొడుకు కుర్చీకి పదిహేనేళ్ల కాపలా

డచ్చివాళ్లంటే మనకు బందరు, పాలకొల్లు, భీమిలి సమాధులు గుర్తొస్తాయి. మన రేవులకు ఓడలు పంపిన డచ్ ఈస్టిండియా కంపెనీ శాఖలన్నీ హాలండ్, జీలాండ్ అనే రెండు డచ్ ప్రాంతాల ఊళ్లలోనే ఉండేవి. ఉత్తరాన ఉన్న ఫ్రీస్‌లాండ్, గ్రోనింగెన్‌లకు సొంత శాఖ లేదు. పదిహేడో శతాబ్దపు డచ్చి రాకుమారి ఆల్బర్టీన్ ఆగ్నెస్, తన పసి కొడుకు తరఫున పాలించింది ఈ ఓరన ఉన్న ప్రాంతాలనే.

ఆమె 1634లో హేగ్‌లో పుట్టింది. తండ్రి ఆరెంజ్ ప్రిన్స్ ఫ్రెడరిక్ హెన్రీ. భర్త విల్లెం ఫ్రెడరిక్ ఉత్తర ప్రాంతాల స్టాట్‌హౌడర్, అంటే పాలనాధికారి. 1664లో సొంత పిస్తోలు పొరపాటున పేలి గాయపడి చనిపోయాడు. కొడుకు హెండ్రిక్ కాసిమిర్‌కు అప్పటికి ఏడేళ్లు.

అసలు తిరకాసు ఇక్కడుంది. స్టాట్‌హౌడర్ రాజు కాదు, ప్రాంతీయ సభలు నియమించే అధికారి. రాజు పోతే కొడుకు గద్దెనెక్కుతాడు. అధికారి పోతే పసివాడికి ఆ కుర్చీ ఎందుకివ్వాలి? హాలండ్ ఇవ్వలేదు కూడా. 1650లో అక్కడి స్టాట్‌హౌడర్, ఆల్బర్టీన్ అన్న రెండో విలియం చనిపోయిన ఎనిమిది రోజులకు కొడుకు పుట్టాడు. వాడు పెద్దయ్యేదాకా, 22 ఏళ్లు, అక్కడ ఆ పదవి ఖాళీయే. అలాంటి కాలంలో మేనత్త మాత్రం తన కొడుకు కుర్చీ చేజారనివ్వలేదు. నా లెక్కలో ఆమె గొప్పతనం యుద్ధాల కంటే ఇందులోనే ఎక్కువ.

యుద్ధాలూ తప్పలేదు. 1672లో ఫ్రాన్స్, ఇంగ్లండ్, జర్మన్ బిషప్పుల రాజ్యాలైన మున్‌స్టర్, కొలోన్ ఒక్కసారే డచ్చివాళ్ల మీద పడ్డాయి. మున్‌స్టర్ బిషప్ గ్రోనింగెన్‌ను ముట్టడించి గుండ్ల వర్షం కురిపించాడు. జనం అతనికి ‘బాంబుల బెరెంట్’ అని పేరు పెట్టారు. ఆగస్టు 28న ముట్టడి వీగిపోయింది. ఆ ఘనత సేనాపతి రాబెన్‌హౌప్ట్‌ది, ఊరి జనానిది. దాన్ని కూడా ఆమె ఖాతాలో వేస్తే అతి అవుతుంది.

1675లో ఫ్రీస్‌లాండ్ సభ ఆ పదవిని వంశపారంపర్యం చేసింది. హాలండ్ ఖాళీగా ఉంచిన కుర్చీ ఇక్కడ ఇంటి ఆస్తి అయిపోయింది. ప్రజాస్వామ్యం కళ్లతో చూస్తే మెచ్చుకోదగ్గ సంగతేమీ కాదనుకోండి. నాలుగేళ్లకు కొడుకుకు అధికారం అప్పగించి, ఆమె ఒరాన్యెవౌట్‌లోని తన తోట ఇల్లు చూసుకుంది.

1696 మార్చిలో ఆ కొడుకే పోయాడు. మే నెలలో ఆమె కన్నుమూసింది. మనవడు యోహాన్ విల్లెం ఫ్రీసోకు ఎనిమిదేళ్లు, ఈసారి పిల్లవాడి తరఫున పాలించే రీజెంట్ కోడలు. 1711లో ఫ్రీసో నీళ్లలో మునిగి చనిపోయేనాటికి వారసుడింకా తల్లి కడుపులోనే ఉన్నాడు. అయినా ఫ్రీస్‌లాండ్‌లో పదవి ఆ ఇంటి గడప దాటలేదు.